నలభై ఒక్క పరమ ప్రాధాన్యాలు

ఒక సమస్యకు సరైన పరిష్కారం దొరికిన వెంటనే దానిని ఒక కమిటీకి అప్పగించడం మా విశ్వవిద్యాలయంలో ఆచారం. సమస్యను ఎవరైనా ఒంటరిగా భరించవచ్చు. పరిష్కారం మాత్రం అందరి సంతకాలతోనే అమలు కావాలని మావాళ్ళ నమ్మకం. కంప్యూటర్ కేంద్రంలో నిరుడు జరిగినది ఈ ఆచారం వల్లనే జరిగింది కనుక, ఏది దేనికి దారితీసిందో వరుస తప్పకుండా రాస్తాను.

మొదట సుంకులమ్మ సంగతి చెప్పాలి. ఆమె పత్తికొండ దారిలోని ఒక ఊళ్ళో అంగన్‌వాడీ కార్యకర్త. వయస్సు ముప్పై ఎనిమిది. దూరవిద్యలో డిగ్రీ చదివి, అన్ని పేపర్లూ గట్టెక్కి, ఒక్క పేపరు దగ్గర ఆగిపోయింది. ఆ పేపరు పాసైతే సూపర్‌వైజరు పదోన్నతి జాబితాలో ఆమె పేరు నిలుస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలన జనవరి అయిదున. మా నిబంధనల ప్రకారం ఒక పేపరును మూడుసార్లే రాయవచ్చు. ఆమె రెండుసార్లు రాసింది.

పరీక్ష మా ప్రాంగణంలోనే, కంప్యూటరు మీద. నూరు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి అరవై సెకన్లు. అయితే ఆ అరవై సెకన్లను లెక్కించే గడియారం అభ్యర్థి ముందున్న తెర మీద తిరగదు. కంప్యూటర్ కేంద్రంలోని పెద్ద యంత్రంలో తిరుగుతుంది. ప్రశ్న కావాలన్న పిలుపు అక్కడికి అందిన క్షణాన లెక్క మొదలవుతుంది, జవాబు తిరిగి అక్కడికి చేరిన క్షణాన ముగుస్తుంది. మధ్యలో యంత్రం ఎంతసేపు ఆలోచించినా ఆ కాలం అభ్యర్థి ఆలోచించినట్లే లెక్క.

జూలైలో ఆమె కేంద్రానికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ముప్పై ఏళ్ళు గణాంక శాస్త్రం బోధించి విరమించిన తరువాత కూడా నా పాత లెక్కలు కొన్ని ఆ యంత్రంలోనే ఉండిపోయాయి. యంత్రాన్ని చూసుకునే కాంట్రాక్టు ఇంజనీరు ఖాదర్ వలీ ఒకప్పుడు నా విద్యార్థి.

"సార్, నేను తొంభై ఒకటికి జవాబు కొట్టినా. లెక్కబెట్టుకుంటానే కొట్టినా," అంది సుంకులమ్మ. "మీ మిషనేమో ముప్పై నాలుగే వచ్చినాయంటాది. తక్కినవి యాడికి పోయినాయి సార్? దావలో ఏమన్నా దిగిపోయినాయా?"

"దిగలేదక్కా. లేటుగా చేరినాయి. చేరేలోపల టైమైపోయింది," అన్నాడు ఖాదర్ వలీ.

"నేను లేటు చెయ్యలేదే!"

"నువ్వు చెయ్యలేదు. మిషను చేసింది."

"మరి మిషన్ను ఫెయిలు చెయ్యాల గదా, నన్నెందుకు చేసినారు?"

దీనికి నిబంధనల్లో జవాబు లేదు. ఖాదర్ వలీ మాత్రం జవాబు వెతకడానికి కూర్చున్నాడు. వారం తరువాత నన్ను పిలిచి, కనుక్కున్నది చెప్పాడు.

కేంద్రంలో ఉన్నది నిజానికి ఒకే పెద్ద యంత్రం. దానిలో ముప్పై రెండు ప్రాసెసర్లు. ఆ ఒక్క యంత్రమే నలభై ఒక్క యంత్రాలుగా నటిస్తుంది. వీటిని వర్చువల్ మెషీన్లంటారు. శాఖకొకటి. ఏ శాఖకు ఆ శాఖ, యంత్రమంతా తనదేనని అనుకుంటుంది. లోపల మాత్రం ప్రాసెసర్లు వంతులవారీగా, సెకనులో వందోవంతు ఒకరికి, మరో వందోవంతు ఇంకొకరికి పనిచేస్తుంటాయి. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కల్లా మొదట్లో ఒక శాఖవారు ఎనిమిది ప్రాసెసర్లు కావాలని రాయడంతో వచ్చింది. అది చూసి తక్కిన నలభై మందీ ఎనిమిదేసి రాశారు.

"మేడమ్, ఇది పెండ్లిలో పంక్తి మాదిరే," అన్నాడు ఖాదర్ వలీ. "ముప్పై రెండు కుర్చీలుండాయి. వచ్చినోళ్ళు ఎనిమిదేసి మంది గుంపులు. కూచుంటే ఎనిమిది మందీ ఒక్కసారే కూచోవాల, లేకుంటే నిలబడతాం అంటారు. మూడు కుర్చీలు ఖాళీ అయినా కూచోరు, అయిదు ఖాళీ అయినా కూచోరు. ఒక్కడే వచ్చినోడికైతే టక్కున దొరుకుతాది."

"అంటే ఎక్కువ అడిగినవారికే ఎక్కువ ఆలస్యం."

"అంతే మేడమ్. పైగా ఎనిమిది మందిలో తినేది ఒక్కడే. తక్కిన ఏడుగురూ ఊరికే విస్తరి ముందర కూచుంటారు."

ఒక ఆదివారం అతడు పరీక్షల విభాగం యంత్రానికి ఎనిమిది తీసి రెండు ప్రాసెసర్లు ఇచ్చి చూశాడు. ప్రశ్న ఒక సెకనులో వచ్చింది. అందరికీ రెండేసి ఇస్తే అందరి పనీ ఇలాగే జరుగుతుందని అర పేజీ నోటు రాసి రిజిస్ట్రారు గారికి పంపాడు. పరిష్కారం దొరికింది. కనుక కమిటీ వేశారు.

దాని పేరు ప్రాసెసర్ సమయ సమన్యాయ కమిటీ. అధ్యక్షులు రిజిస్ట్రారు ఓబుళపతి గారు. వరుసలో ఎవరెంతసేపు ఆగవలసి వస్తుందో లెక్కగట్టే వరుసల సిద్ధాంతం బోధించినదానిని కనుక నన్ను సభ్యురాలిగా వేశారు. శాఖల ప్రతినిధి, అందరిలోకీ సీనియరు, పురావస్తు శాఖాధిపతి ఆచార్య మార్కండేయులు గారు. ఆదివారం చేసిన మార్పును, "కమిటీ తుది నిర్ణయం వెలువడే వరకు", పూర్వస్థితికి తెచ్చారు.

మొదటి సమావేశంలో మార్కండేయులు గారు నోటును రెండు వేళ్ళతో పట్టుకుని చూపారు.

"ఎనిమిది నుంచి రెండుకు దించుతారా? ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ ఒక్క మెట్టు దించలేదు. ఏకంగా ఆరు మెట్లా?"

"సార్, దించితే మీ పని తొందరగా అయితాది," అన్నాడు గోడవారన నిలబడ్డ ఖాదర్ వలీ.

"నాకు తొందరలేదయ్యా. నాకు ఎనిమిది కావాలి."

ఓబుళపతి గారు గొంతు సవరించుకున్నారు. "ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. సంస్థాగత గౌరవంతో ముడిపడిన విషయం. ఇప్పటికే మంజూరైన ప్రాసెసర్లను వెనక్కు తీసుకోవడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. ఆలస్యాన్ని నివారించవలసినదే, అయితే ఎవరి వాటా తగ్గకుండా నివారించవలెను. కనుక తక్షణ స్పందన అవసరమైన శాఖలకు ప్రాధాన్యం కల్పించెదము. దరఖాస్తులు పిలవండి."

ప్రాధాన్యమంటే వరుసలో ముందుకు పంపడం. కొందరిని ముందుకు పంపితే కొందరు వెనక్కు పోతారని నేను చెప్పాను. నా అభిప్రాయాన్ని "నమోదు చేయడమైనది".

నలభై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. పురావస్తు శాఖవారు తమ సమాచారం ఇప్పటికే రెండువేల ఏళ్ళు ఆలస్యమైనందున ఇక ఒక్క క్షణం కూడా ఓర్వలేమని రాశారు. తోటల విభాగంవారు మొక్కలు ప్రాణులని గుర్తుచేశారు. పరీక్షల విభాగం దరఖాస్తు నలభై ఒకటవది. ఎవరినీ నొప్పించకుండా అన్నింటినీ ఆమోదించారు. నలభై ఒక్క యంత్రాలూ ప్రాధాన్య యంత్రాలయ్యాయి. ఆలస్యం మునుపటి లాగే ఉన్నందున సెప్టెంబరులో నలభై ఒక్కటినీ విశేష ప్రాధాన్యానికి, అక్టోబరులో పరమ ప్రాధాన్యానికి పెంచారు.

అందరూ పరములైనప్పుడు ఎవరు ముందు అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. శాఖాధిపతుల సీనియారిటీయే ప్రమాణమని తేల్చారు. మనిషి సీనియారిటీ యంత్రానికి ఎలా సంక్రమిస్తుందని లెక్కల తనిఖీవారు అభ్యంతరం చెబుతారేమోనని, ముందు జాగ్రత్తగా, ప్రతి యంత్రానికీ సంబంధిత శాఖాధిపతితో సమాన హోదా కల్పించి, పేరుపేరునా సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టినతేదీ గడిలో ఖాదర్ వలీ యంత్రాన్ని స్థాపించిన తేదీ రాశాడు. గుర్తింపు చిహ్నాల గడి చూసి మాత్రం నా దగ్గరకు వచ్చాడు.

"పుట్టుమచ్చలు రాయాలంట మేడమ్. నలభై ఒక్కటికి. ఒక్కొక్క దానికి రెండు."

"ఏం రాశావు?"

"లేవని రాస్తే వాపసు పంపినారు. ఎడమపక్క ఒక స్క్రూ, కుడిపక్క ఒక స్క్రూ అని రాసినా. ఒప్పుకున్యారు."

పరీక్షల విభాగానికి అధిపతి సహాయ రిజిస్ట్రారు, అందరిలోకీ జూనియరు. అందువల్ల ఆ యంత్రం నలభై ఒక్క పరమ ప్రాధాన్యాల్లో నలభై ఒకటవదిగా నిలిచింది.

ఇంతవరకైతే సుంకులమ్మ జూలైలో ఉన్నచోటే ఉండేది. అక్టోబరు చివర ఉపకులపతి గారు వినియోగ శాతం అడిగారు. ప్రాసెసర్లు సగం కాలం ఖాళీగా ఉంటున్నాయని నివేదిక వెళ్ళింది. వాటిని ఆక్రమించి కూర్చున్న గుంపులో పనిచేసేది ఒక్కడేనని ఖాదర్ వలీ చెప్పినదే అది. ఓబుళపతి గారు దానిని వేరుగా అర్థం చేసుకున్నారు.

"మంజూరైన సమయాన్ని వినియోగించకపోవుట నిర్లక్ష్యం. త్రైమాసికాంతానికి వినియోగం కాని ప్రాసెసర్ సమయం మురిగిపోవును. తరువాతి త్రైమాసికంలో ఆ మేరకు కోత విధించబడును," అని సర్క్యులరు ఇచ్చారు.

మార్చి నెలాఖరు ఎలా ఉంటుందో తెలిసిన శాఖలకు వేరే బోధించనక్కరలేదు. ఉన్న పని చాలకపోతే పని కల్పించారు. తోటల విభాగం యంత్రం ప్రాంగణంలోని వేపచెట్ల ఆకుల సంఖ్యను రోజుకు వెయ్యిసార్లు అంచనా వేసింది. పురావస్తు శాఖ యంత్రం ఒకటి నుంచి కోటి దాకా లెక్కపెట్టి, మళ్ళీ కోటి నుంచి ఒకటి దాకా దిగివచ్చేది.

"ఇదేం పని సార్?" అని అడిగాడట ఖాదర్ వలీ.

"తవ్వకాలు లేని రోజుల్లో సిబ్బంది చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అభ్యాసం తప్పిపోదూ?" అన్నారట మార్కండేయులు గారు.

నవంబరు మూడో వారానికి వినియోగం నూటికి నూరు. అభినందన పత్రం ఫ్రేము కట్టించి కేంద్రం గోడకు తగిలించారు. మరునాడు నమూనా పరీక్షకు సుంకులమ్మ వచ్చింది. మొదటి ప్రశ్న తెర మీదికి రావడానికి యాభై రెండు సెకన్లు పట్టింది.

ఆమె ఎనిమిది సెకన్లు తెరను చూసింది. తెర తనంతట తానే రెండో ప్రశ్నకు పోయింది. ప్రశ్న వచ్చేదాకా తెర మీద తిరిగే గుండ్రం మళ్ళీ మొదలైంది.

"ఎనిమిది సెకన్లల్లో చదవాల్నా, జవాబు కొట్టాల్నా మేడమ్?" అంది నా వైపు తిరిగి. "మా అంగన్‌వాడీ పిల్లోళ్ళు గూడా ఒంటేలుకు వస్తాంటే ఇంతకన్నా ఎక్కువ టైమిస్తారు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇది మూడోసారి మేడమ్. ఇదీ పోతే ఇంగ రాయనియ్యరంట. మా ఆఫీసులో ఇప్పటికే, 'సుంకులమ్మా, పిల్లోళ్ళకు అఆలు చెప్పి చెప్పి నీకూ అంతవరకే వచ్చిందా' అంటాండారు. పుస్తకం మొత్తం నోటికొచ్చు మేడమ్ నాకు. చెప్పమంటే ఇప్పుడే చెప్తా."

నిజంగానే చెప్పింది. ఖాదర్ వలీ, నేను చెరో పది ప్రశ్నలు అడిగాము. ఇరవైలో పద్దెనిమిదికి సరైన జవాబు వచ్చింది. ఏ జవాబుకూ పది సెకన్లు పట్టలేదు.

పరీక్ష డిసెంబరు ఇరవై ఎనిమిదిన. కమిటీ సమావేశం పద్దెనిమిదిన. ఆ సమావేశం లోపల నేను చేసినది, కమిటీ ఇచ్చిన ఉత్తర్వులన్నీ మొదటినుంచి చదవడమే. వరుసల సిద్ధాంతం ఎవరూ వినలేదు. ఉత్తర్వులనైతే వినక తప్పదు. చదువుతుంటే సర్వీసు రిజిస్టర్ల దగ్గర నా వేలు ఆగింది.

పద్దెనిమిదిన అజెండా అంతా అయ్యాక లేచాను.

"యంత్రాలకు సర్వీసు రిజిస్టర్లు తెరిచాము. అన్ని పేజీలూ నింపాము. సెలవుల పేజీ ఒక్కటి నలభై ఒక్క రిజిస్టర్లలోనూ ఖాళీగా ఉంది. తనిఖీకి వచ్చినవారు అడిగితే ఏమి చెప్పాలో మినిట్సులో రాసి ఉంచితే మంచిది."

ఓబుళపతి గారి చేతిలోని కలం ఆగింది. "ఖాళీ పేజీయా?"

"పూర్తిగా ఖాళీ."

"శాఖాధిపతితో సమాన హోదా ఇచ్చి, సెలవు ఇవ్వకపోవుట..." ఆయన కలం కింద పెట్టారు. "ఇది వివక్ష క్రిందికి వస్తుంది కదా మేడమ్?"

"మీరే చెప్పాలి."

"సంవత్సరానికి పదిహేను సాధారణ సెలవులు. తక్షణమే వర్తింపజేయండి."

"ఈ ఏడాదికి కూడానా?"

"ఈ ఏడాదికి కూడా."

"డిసెంబరు ముప్పై ఒకటితో మురిగిపోతాయి కదా," అన్నాను.

మార్కండేయులు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "మా యంత్రం ఈ ఏడాది ఒక్క సీఎల్ కూడా వాడుకోలేదండీ! పదిహేనూ పోతాయా?"

"ఒక విడతలో పది రోజులకు మించి ఇవ్వరాదు," అన్నారు ఓబుళపతి గారు వేళ్ళతో లెక్కవేసి. "ఇరవై రెండు నుంచి ముప్పై ఒకటి దాకా పెట్టుకుంటే పది దక్కుతాయి. అయిదు మురుగుతాయి."

"అయిదు మురుగుతాయి," అన్నారు మార్కండేయులు గారు బాధగా.

మరునాటి సాయంత్రానికి సెలవు దరఖాస్తులు కట్టలుగా వచ్చాయి. సొంత పనులని కొందరు, అస్వస్థత అని కొందరు కారణం రాశారు. తోటల విభాగం యంత్రం బంధువుల ఇంట శుభకార్యానికి వెళ్ళింది. ఇరవైన ఖాదర్ వలీ మా ఇంటికే వచ్చాడు. చెప్పులు విడవడం కూడా మరిచాడు.

"మేడమ్, కొంప మునిగింది. పరీక్షల మిషను గూడా సెలవు పెట్టింది."

ఇది నేను ఊహించలేదు. నలభై మంది వెళుతుంటే నలభై ఒకటవవారు ఊరుకుంటారని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు. పరీక్షల నియమావళి తీసి ఇద్దరమూ మధ్యాహ్నం దాకా వెతికాము. పన్నెండవ నియమంలో దొరికింది: పరీక్ష విధుల్లో ఉన్న ఉద్యోగికి పరీక్షా కాలంలో ఎట్టి సెలవూ మంజూరు చేయరాదు. ఖాదర్ వలీ ఆ పేజీకి గుర్తుగా తన బస్సు టికెట్టు పెట్టి పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి సెలవు నిరాకరిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు ప్రతిని ఆ యంత్రానికి అందజేసినట్లు సంతకం కూడా అతడే చేశాడు.

ఇరవై ఎనిమిది ఉదయం పది గంటలకు కేంద్రంలో ముప్పై రెండు ప్రాసెసర్లు, పని ఉన్న ఒకే ఒక్క యంత్రం. అది ఎనిమిది మందితో వచ్చినా, కుర్చీలన్నీ ఖాళీ. పదకొండుంబావుకు సుంకులమ్మ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"ఏమైందక్కా?" అన్నాడు ఖాదర్ వలీ భయంగా.

"ఏమీ గాలే సార్. అడుగుతానే వచ్చింది, కొడతానే పోయింది. నాకే దిగులైంది. ఇంత సప్పున వస్తాదంటే ఇది వేరే ఎవురిదన్నా పరీక్షేమో అని. పేరు రెండుసార్లు చూసుకున్యా."

శాఖల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. తమ యంత్రాలు సెలవులో ఉన్నాయని వారికి గుర్తే లేదు.

ముప్పైన ఖాదర్ వలీకి మెమో వచ్చింది: "ఇరవై ఎనిమిదవ తేదీన ప్రాసెసర్ల వినియోగము నాలుగు శాతమునకు పడిపోయినది. తొంభై ఆరు శాతము సమయమును ఏ ప్రయోజనము నిమిత్తము ఖాళీగా ఉంచితిరో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

"ఖాళీగా ఉండబట్టే గదా మేడమ్ పనైంది?" అన్నాడు.

"ముప్పై ఏళ్ళు నేను చెప్పిన పాఠమంతా ఆ ఒక్క వాక్యమే. సంజాయిషీలో మాత్రం రాయకు."

తక్కిన నలభై యంత్రాలూ తగు అధికారి మంజూరు చేసిన సెలవులో ఉన్నందున పనిచేయజాలకపోయినవని రాశాడు. ఫైలు మూశారు. అయితే ఆ ఫైలు మూసే క్రమంలో ఓబుళపతి గారి దృష్టి ఇంకొక అన్యాయం మీద పడింది: అందరూ సెలవు అనుభవించగా పరీక్షల విభాగం యంత్రం ఒక్కటే చాకిరీ చేసింది. ఆయన న్యాయబుద్ధి కలవారు. దానికి పరిహార సెలవు ఇచ్చారు. జనవరి నాలుగు. ఫలితాలు ఇవ్వవలసినదీ జనవరి నాలుగే.

ఆ ఉదయం సుంకులమ్మ పది గంటలకే వచ్చింది. మరునాడే సర్టిఫికెట్ల పరిశీలన.

"సెలవులో ఉందక్కా," అన్నాడు ఖాదర్ వలీ తల వంచుకుని.

"ఎవురు?"

"నీ మార్కులుండే మిషను."

ఆమె నా వైపు తిరిగింది. "మేడమ్, మేము సెలవు పెడితే పక్కూరి టీచరుకు సెంటరు అప్పజెప్పి పోవాల. రిజిస్టరు, గుడ్లు, పాలపొడి, అన్నీ. అప్పజెప్పకుంటే సెలవే లేదు. మీ మిషను ఎవురికి అప్పజెప్పి పోయింది?" అంది.

ఖాదర్ వలీ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆ నియమం మా సర్వీసు నిబంధనల్లో కూడా ఉంది. నాకు తట్టలేదు.

పన్నెండు గంటలకు ఇన్‌చార్జి ఉత్తర్వు వెలువడింది. సీనియారిటీ ప్రకారం బాధ్యతలు పురావస్తు శాఖ యంత్రానికి దక్కాయి. సెలవు నుంచి తిరిగివచ్చి అది మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నది. అరవై రెండు లక్షల దగ్గర దానిని ఆపవలసి వచ్చింది. మార్కండేయులు గారు మొదట బాధపడ్డారు. తమ యంత్రం ఒకరికి ఉపయోగపడటం ఇదే మొదటిసారని ఖాదర్ వలీ చెప్పాక, ఆ విషయం మార్కుల మెమో మీద స్పష్టంగా కనిపించాలని పట్టుబట్టారు. మూడింటికి మెమో వచ్చింది. నూటికి డెబ్బై తొమ్మిది. అడుగున పెద్ద అక్షరాల్లో: "జారీ చేసినవారు: పురావస్తు శాఖ."

ఆమె దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నాలుగున్నర బస్సుకు వెళ్ళింది.

ఏడవ తేదీన కేంద్రానికి మిఠాయి పొట్లంతో వచ్చి, పరిశీలన ఎలా జరిగిందో సుంకులమ్మే చెప్పింది. అధికారి మెమోను అటూ ఇటూ తిప్పి, అద్దాలు పైకి తోసి అడిగాడట.

"ఏమ్మా, నీ డిగ్రీ మార్కులు పురావస్తు శాఖవాళ్ళు ఇయ్యడమేంది?"

"నా మార్కులు యాడో పూడిపోయింటే, వాళ్ళే తవ్వి తీసినారు సార్," అందట ఆమె.

ఆయన ముద్ర వేశాడు.